ఆరంగుళాల సైనికుడికి కొత్త రంగులు, నమ్మదగ్గ మురికి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. ముందు నాకు అర్థమైంది చెప్తాను. మీ అబ్బాయి ఆడుకుని వదిలేసిన ఆరంగుళాల సైనికుడి బొమ్మకి స్టేషనరీ షాపు అక్రిలిక్ రంగులు వేశారు. మెరుపు పోవాలని హార్డ్‌వేర్ షాపులో కొన్న స్ప్రే డబ్బాతో కాళ్ళ మీద కొట్టారు. మూడు వారాలైనా ఆ కాళ్ళు వేలికి బంకలా అంటుకుంటున్నాయి. మోచేతులు వంచగానే రంగు పెచ్చులు లేచింది. యుద్ధంలో తిరిగినవాడిలా కనిపించాలని నల్లరంగు నీళ్ళలో కలిపి ఒళ్ళంతా పూస్తే, ఇంకు సీసాలో పడ్డవాడిలా తయారయ్యాడు. "ఇంత చేసినా బొమ్మ బొమ్మలాగే ఉంది, ఎక్కడ తప్పు?" అని అడిగారు.

పదిహేనేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. మీరు చెప్పిన మూడు తప్పులూ నేనూ చేశాను. బొమ్మ నిజంగా కనిపించడమనేది ఖరీదైన రంగుల్లో లేదు. ఏ మచ్చ పెట్టినా "ఇది ఇక్కడికి ఎలా వచ్చింది?" అన్న ప్రశ్నకి మన దగ్గర జవాబుండాలి. అయితే అక్కడిదాకా వెళ్ళాలంటే రంగు ప్లాస్టిక్‌ని పట్టుకుని నిలబడాలి కదా, అందుకే కాళ్ళ బంకతోనే మొదలుపెడతాను.

ఇంటి డ్రైనేజీ పైపూ, మీ బొమ్మ తలకాయా రెండూ పీవీసీనే. పైపు గట్టిగా ఉంటుంది, తలకాయ నొక్కితే కొంచెం లొంగుతుంది. ఆ మెత్తదనం కోసం ప్లాస్టిక్‌లో నూనెలాంటి పదార్థం కలుపుతారు, దాన్ని ప్లాస్టిసైజర్ అంటారు. అది ప్లాస్టిక్‌తో గట్టిగా కట్టుబడి ఉండదు, మెల్లగా పైకి ఊరుతూనే ఉంటుంది. ఎనామిల్ రంగులూ, హార్డ్‌వేర్ షాపు స్ప్రేలూ పైన పడగానే వాటిలోని సాల్వెంటూ (రంగుని కరిగించి ఉంచే ద్రవం) ఈ నూనే కలిసి ఆ పొరని ఎప్పటికీ ఆరనివ్వవు. మూడు వారాలు కాదు, మూడేళ్ళు ఆగినా అంతే. పన్నెండేళ్ళ కిందట ఒక బొమ్మ భుజం మీది మెత్తటి కండువాకి నేను కొట్టిన స్ప్రే ఇవాళ్టికీ వేలికి తగులుతుంది. చుట్టిపెట్టిన న్యూస్‌పేపర్ అక్షరాలు దాని మీద అచ్చుపడి ఉన్నాయి. కాబట్టి ఎదురుచూడకండి, ఆ పొర తీసేయాల్సిందే.

తీయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ లాంటి చోట్ల ఎలక్ట్రానిక్స్ సామాన్లమ్మే షాపుల్లో సర్క్యూట్ బోర్డులు తుడవడానికి వాడేది అదే. దూదికి తడిపి కాసేపు అద్దిపెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. ఒక్కసారికి పోదు, నాలుగైదు సార్లు పడుతుంది. బొమ్మని అందులో ముంచి రాత్రంతా వదిలేయొద్దు. థిన్నరూ, గోళ్ళ రంగు తుడిచే అసిటోనూ దగ్గరికి కూడా రానివ్వకండి. ఛాతీ, తొడల్లాంటి గట్టి భాగాలు చాలా బొమ్మల్లో ఏబీఎస్ ప్లాస్టిక్. అసిటోన్ తగిలితే అది మైనంలా కరిగిపోతుంది. కిటికీ తెరిచి పనిచేయండి, స్టవ్ ఉన్న గదిలో మాత్రం వద్దు.

ఒకే బొమ్మలో మూడు నాలుగు రకాల ప్లాస్టిక్ ఉంటుందన్న సంగతి చాలామంది గమనించరు. తలా చేతులూ మెత్తటి పీవీసీ, ఒళ్ళు ఏబీఎస్, కీళ్ళ లోపలి పిన్నులు ఇంకో గట్టి రకం. చవక బొమ్మల్లో తుపాకీ, బెల్టు ఒక్కోసారి పాలిథీన్ జాతివి. బకెట్ మూతలా మైనం తగిలినట్టు జారుతుంటే అదే. దానిమీద ఏ రంగూ నిలవదు, గోటితో గీకితే పొరగా వచ్చేస్తుంది. అలాంటి ముక్కని దాని సొంత రంగులోనే వదిలేసి మురికి మాత్రం పట్టించడం నా పద్ధతి. కొత్త రంగేదైనా ముందు పాదం అడుగున చుక్క పెట్టి, రెండు రోజులాగి, గోటితో గీకి చూడండి. ఈ చిన్న పరీక్ష చేయనందుకే నేను రెండు మంచి బొమ్మలు పోగొట్టుకున్నాను.

పాత రంగు పోయాక బొమ్మని గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ వేసి టూత్‌బ్రష్‌తో కడగండి. అచ్చులోంచి సులభంగా ఊడి రావడానికి ఫ్యాక్టరీలో పూసే జిడ్డు సందుల్లో మిగిలి ఉంటుంది. దానికి తోడు మీ అబ్బాయి చేతి జిడ్డు. కడిగి ఆరాక ఒట్టి చేత్తో పట్టుకోవద్దు. మందు సీసా మూత మీద కొంచెం బ్లూ టాక్ (గోడకి కాగితాలు అంటించే జిగురు ముద్ద) పెట్టి, దానిమీద బొమ్మని నిలబెట్టి, మూత పట్టుకుని పనిచేసుకోండి.

ఇక మోచేతులు. అక్కడ రంగు ఊడటం రంగు తప్పు కాదు. ఫ్యాక్టరీలో కీలు అతుక్కున్నట్టు బిగుతుగా చేస్తారు, మధ్యలో జాగా ఉండదు. మీరు వేసిన ప్రైమరూ (రంగు పట్టుకోవడానికి అడుగున వేసే పూత) రంగూ వార్నిషూ కలిసి ఒక పొర అయ్యాయి, ఆ పొరకి చోటెక్కడ? వంచగానే ఒరుసుకుని ఊడుతుంది. చోటు మనమే చేయాలి. మరిగించి దించిన నీళ్ళలో చెయ్యి భాగాన్ని రెండు మూడు నిమిషాలుంచితే ప్లాస్టిక్ మెత్తబడుతుంది. గుడ్డతో పట్టుకుని నెమ్మదిగా లాగితే చాలా కీళ్ళు ఊడి వస్తాయి. రాకపోతే మళ్ళీ వేడిచేయండి, బలం మాత్రం వాడొద్దు. చల్లగా ఉన్నప్పుడు మెలితిప్పితే పిన్ను లోపలే విరుగుతుంది. ఊడాక ఒరుసుకునే రెండు ముఖాల్నీ 600 నంబర్ ఉప్పు కాగితంతో తడిపి సన్నగా అరగదీయండి. తడిపి అంటున్నది ఎందుకంటే పొడి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

అంతకంటే మేలైన ఉపాయం ఇంకోటుంది. కొత్త రంగుని కీలు ప్లాస్టిక్ రంగుకి దగ్గరగా ఎంచుకోండి. మీ బొమ్మ ఆలివ్ పచ్చ ప్లాస్టిక్. మీరు దానికి బూడిద రంగు యూనిఫాం వేశారు, అందుకే ఊడిన చోటల్లా పచ్చగా కనబడుతోంది. అదే ఖాకీకో, కొంచెం వెలిసిన ఆలివ్‌కో వెళ్ళి ఉంటే రేపు ఎక్కడైనా ఒరుసుకుపోయినా బట్ట నలిగినట్టే ఉంటుంది. కీలు లోపలి భాగాలకి నేను అసలు రంగే వేయను.

గీతలూ, స్క్రూ గుంతలూ పూడ్చడానికి ఖరీదైన పుట్టీ కోసం వెతకక్కర్లేదు. ప్లంబర్లు వాడే ఎం-సీల్ చాలు. రెండు ముద్దలూ ఒకే రంగు వచ్చేదాకా పిసికి, నీటి తడి వేలితో నునుపు చేసి, రాత్రంతా వదిలేయండి. కొండపల్లి కళాకారులు తెల్ల పొణికి కర్ర ముక్కల్ని అతకడానికీ, ముక్కూ చెవీ దిద్దడానికీ రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి మక్కు చేస్తారు. మనం ఎం-సీల్‌తో చేసేదీ అదే పని. అతుకు ఎక్కడుందో వేలికి తెలిసినంతసేపూ వాళ్ళు రంగు మొదలుపెట్టరు. నేను ఆ పట్టుదల నేర్చుకోవడానికి చాలా కాలం పట్టింది.

ప్రైమర్ నీటిలో కలిసే అక్రిలిక్ రకమే కొనండి. వల్లెహో అనే రంగుల కంపెనీ వాళ్ళది బ్రష్‌తోనూ వేసుకోవచ్చు, మెత్తటి పీవీసీ మీద కూడా బాగా నిలుస్తుంది. ఇది ఒక్కటీ మాత్రం ఆన్‌లైన్లో తెప్పించుకోండి, మిగతావి ఊళ్ళో దొరికేవాటితో సర్దుకోవచ్చు. మీ ఫెవిక్రిల్ రంగులు పనికిరావని ఎవరో చెప్పారన్నారు. పనికొస్తాయి. సీసాలో ఉన్న చిక్కదనంతో వేస్తేనే పనికిరావు. ఒక చిన్న లెక్క చెప్తాను. ఆరంగుళాల బొమ్మ అంటే ఆరడుగుల మనిషిలో పన్నెండో వంతు. మీరు వేసిన పొర మందం పదో వంతు మిల్లీమీటరే అనుకుందాం. అసలు మనిషి మీద అది 1.2 మిల్లీమీటర్ల మందం అవుతుంది. అంటే అట్ట తొడుక్కున్నట్టు. చొక్కా మడతలు, గుండీలు, కనురెప్పలు అన్నీ దానికింద మునిగిపోతాయి. మీ బొమ్మ ముఖం వాచినట్టు కనిపించడానికి కారణం ఇదే.

కాబట్టి పెరుగులాంటి రంగుని పల్చటి మజ్జిగ చేయండి. మొదటి పూతలో కింద ప్రైమర్ కనబడుతూనే ఉంటుంది, కంగారుపడొద్దు. ఆరనిచ్చి రెండోది, ఆరనిచ్చి మూడోది. నాలుగు పల్చటి పూతలు ఒక చిక్కటి పూత కంటే సన్నగానూ ఉంటాయి, గట్టిగానూ ఉంటాయి. బ్రష్‌ని రంగులో ముంచాక తడి టిష్యూకి ఒకసారి తాకించడం అలవాటు చేసుకోండి. సగం మరకలు అక్కడే ఆగిపోతాయి.

ప్రైమర్ దగ్గర నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. ముందు బొమ్మంతా నలుపు లేదా ముదురు గోధుమ రంగు. తర్వాత నెత్తి మీదనుంచి ఎండ పడుతున్నట్టు ఊహించుకుని, పైకి చూసే భాగాల మీద మాత్రం లేత బూడిద రంగు. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) లేకపోతే పొడి బ్రష్‌తో పైనుంచి కిందికి రాయండి. దానిమీద పల్చటి ఖాకీ వేస్తే భుజాలు, టోపీ పైభాగం వెలిసినట్టు, చంకలు, గడ్డం కింద నీడ పడ్డట్టు వాటంతటవే వస్తాయి. ఇంకో విషయం, నిజం యూనిఫాం రంగుని ఉన్నదున్నట్టు కలిపి వేస్తే చిన్న బొమ్మ మీద ముదురుగా కనబడుతుంది. దూరంగా ఉన్న మనిషి బట్టలు మనకి ఎప్పుడూ కొంచెం వెలిసినట్టే కనిపిస్తాయి కదా. బొమ్మని చూడటమంటే మనిషిని దూరంనుంచి చూడటమే. అందుకని అసలు రంగులో కొంచెం లేత మట్టి రంగు కలపండి.

ముఖం గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే బొమ్మ బొమ్మలా మిగిలిపోయేది ఇక్కడే. స్కిన్ కలర్ అని రాసి ఉన్న సీసాలో సాధారణంగా వచ్చేది గులాబీ రంగు. మీరు మన జవానుని చేయాలనుకుంటున్నారు. చామనచాయకి ఆ గులాబీలో గోధుమ రంగు కలిపితే ఇటుక రంగు వస్తుంది, మీ ఫొటోలో జరిగింది అదే. దాన్ని పక్కన పెట్టి బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), యెల్లో ఓకర్ (మట్టి పసుపు) సమానంగా తీసుకుని, చిటికెడు తెలుపు కలపండి. నీడకి ఆ మిశ్రమంలోనే బర్న్ట్ అంబరూ (ముదురు గోధుమ), అగ్గిపుల్ల మొనంత అల్ట్రామెరీన్ నీలమూ. నలుపు వద్దు. వెలుగు పడే చోట, అంటే నుదురు, ముక్కు దూలం, చెంప ఎముకల మీద, తెలుపు బదులు ఇంకొంచెం యెల్లో ఓకర్ కలపండి. మన ఒంటిరంగులో తెలుపు ఎక్కువైతే చర్మం బూడిద పూసినట్టు పాలిపోతుంది. మీ చేతినే ఎండలో పెట్టి చూసుకోండి. వేళ్ళ కణుపులు, మోచెయ్యి చుట్టూ ముదురు, అరచెయ్యి లేత, గోళ్ళ కింద మాత్రమే కాస్త గులాబీ. ఈ తేడాలు పెడితే చాలు, ముఖం చూడకముందే చేతుల్ని చూసి "ఎవరో మనవాడే" అనిపిస్తుంది.

కళ్ళకి వచ్చేసరికి కొలత మర్చిపోకండి. మనిషి కన్ను సుమారు 3 సెంటీమీటర్ల వెడల్పు. బొమ్మ మీద అది రెండున్నర మిల్లీమీటర్లు. నల్లగుడ్డు ఒక్క మిల్లీమీటరు. ముందు కంటి గుంటంతా ముదురు గోధుమతో నింపండి. అది ఆరాక ఆ గోధుమ అంచు మిగిలేలా లోపల తెలుపు వేయండి. స్వచ్ఛమైన తెలుపు కాదు, కొంచెం మట్టి రంగు కలిపిన తెలుపు. తర్వాత నల్లగుడ్డు చుక్క. దాని పైభాగం తప్పనిసరిగా పైరెప్పకి తాకాలి. చుట్టూ తెలుపు మిగిలితే వాడు దెయ్యాన్ని చూసినవాడిలా ఉంటాడు. రెండు కళ్ళూ ఒకేసారి చేయకుండా, కుడిచేతి వాటం ఉన్నవాళ్ళు బొమ్మ కుడికన్ను ముందు చేయడం మంచిది. రెండోది దానికి సరిచూసుకుంటూ వేయొచ్చు, చెయ్యి మొదటిదానికి అడ్డం రాదు. చుక్క తప్పితే తడి బ్రష్‌తో వెంటనే ఎత్తేయండి, ఆరితే మళ్ళీ గోధుమనుంచి మొదలు. నాకు ఇప్పటికీ ఒక జత కళ్ళకి గంట పడుతుంది. అంత సమయం పెట్టడం సిగ్గుపడాల్సిన విషయం కాదు.

గడ్డం గీసుకున్నవాడికి కూడా దవడ మీద నీడ ఉంటుంది. ముదురు బూడిదలో గోధుమ కలిపి, రంగునీళ్ళలా పల్చగా చేసి, పైపెదవి మీదా దవడ చుట్టూ రెండు పూతలు. ఇది ఎక్కువమంది వదిలేస్తారు. నా దృష్టిలో ముఖానికి వయసు తెచ్చేది ఇదొక్కటే.

ఇప్పుడు మురికి. మీరు నల్లరంగు నీళ్ళు ఒళ్ళంతా పూశారు. అలా చేయమని చాలా వీడియోల్లో చూపిస్తారు. దానికి వాష్ అని పేరు. బెల్జియంకి చెందిన ఫ్రాన్స్వా వెర్లిండెన్, అమెరికాలో షెపర్డ్ పెయిన్ లాంటివాళ్ళు 1970ల నుంచి ఈ వాష్‌నీ, డ్రై బ్రష్‌నీ (దాని సంగతి కింద చెప్తాను) మోడల్స్ చేసేవాళ్ళందరికీ అలవాటు చేశారు. ఆ పద్ధతి తప్పేమీ కాదు. రంగునీళ్ళు సందుల్లోకి దిగాలి, ఎత్తుల మీద నిలవకూడదు. మీ బొమ్మ ఉపరితలం గరుకుగా ఉంది కాబట్టి నీళ్ళు ఎక్కడపడితే అక్కడ ఇంకిపోయాయి. వాష్‌కి ముందు మెరిసే అక్రిలిక్ వార్నిష్ ఒక పూత వేసి, ఒక రోజు ఆరనివ్వండి. అప్పుడు జేబు అంచుకి బ్రష్ మొన తాకించగానే ఆ గీత వెంట రంగు దానంతటదే పాకుతుంది. మొదటిసారి చూసినప్పుడు చాలా సంతోషమేస్తుంది.

వాష్‌కి నేను ఆయిల్ కలర్ వాడతాను. బర్న్ట్ అంబర్ ట్యూబులోంచి శనగగింజంత అట్టముక్క మీద పెట్టి అరగంట వదిలేయండి, అందులోని నూనె అట్ట పీల్చేస్తుంది. తర్వాత వాసన తక్కువుండే వైట్ స్పిరిట్‌తో (ఆయిల్ రంగుని పల్చన చేసే ద్రవం) డికాషన్ అంత పల్చగా కలపండి. అడుగున అక్రిలిక్ వార్నిష్ కాపలా ఉంది కాబట్టి ప్లాస్టిక్‌కి నేరుగా తగలదు. కాళ్ళ బంక కథ మళ్ళీ జరగకుండా ఆ కాపలా పొర తప్పనిసరి, తడపడం కూడా తక్కువగానే. ఆయిల్ గొప్పతనం ఏమిటంటే ఆరడానికి సమయం తీసుకుంటుంది. గంట తర్వాత కూడా ఎక్కువైన చోట ఇయర్ బడ్‌తో తుడిచేయొచ్చు. నలుపు మాత్రం ట్యూబులోంచి తీయనే వద్దు. ఖాకీ మీద మురికి గోధుమగానే ఉంటుంది.

ఎక్కడ మురికి పెట్టాలి అన్నదానికి నాకు గురువు మా వీధి చివర ఆటో స్టాండు. ఒక మధ్యాహ్నం టీ తాగుతూ ఒక ఆటో డ్రైవరన్న ఖాకీ చొక్కా వైపే చూస్తూ కూర్చున్నాను. భుజాల మీద ఎండకి రంగు వెలిసి దాదాపు గోధుమ పిండి రంగుకి వచ్చింది. కాలర్ మడత లోపల మాత్రం చొక్కా కొన్ననాటి ముదురు ఖాకీ. చంక కింద తడి, ఆ తడి చుట్టూ ఆరిన ఉప్పు తెల్లటి గీత, దాని బయట నిన్నటి చెమటది ఇంకో పల్చటి గీత. సీటుకి ఆనే వీపు మధ్య నూలు నలిగి మెరుస్తోంది. కుడి జేబు అంచు మాత్రమే నల్లగా ఉంది, చిల్లర తీసే చెయ్యి అది. ఎడమ జేబు శుభ్రంగా ఉంది. ఒకే చొక్కా మీద ఆరు రకాల పాతదనం, ఒక్కొక్కదానికీ ఒక కారణం. ఇంటికొచ్చి అప్పటిదాకా రెండు వైపులా ఒకేలా మురికి పట్టించిన బొమ్మలన్నీ ముందు పెట్టుకుని చూశాను. తప్పు ఎక్కడుందో అప్పుడు అర్థమైంది.

మీ సైనికుడిని కూడా అలా ఆలోచించండి. వాడు ఒక మోకాలి మీద కూర్చుని కాల్చేవాడు, కాబట్టి ఒక మోకాలికే మట్టి ఎక్కువ. తుపాకీ పట్టీ కుడి భుజం మీద ఒరుసుకుంటుంది, అక్కడ బట్ట వెలిసి ఉండాలి. పట్టీ కింద బట్ట ఎండ తగలక ముదురుగా ఉండాలి. వీపుకి సంచి ఉంటే సంచి అంచుల చుట్టూ చెమట. ఉప్పు చార కోసం తెలుపులో కొంచెం మట్టి రంగు కలిపి, బాగా పల్చగా చేసి, సన్నటి బ్రష్‌తో వంకరటింకర గీత గీసి, లోపలి అంచుని తడి బ్రష్‌తో మాయం చేయండి. బయటి అంచు మాత్రం పదునుగా మిగలాలి. ఈ ఒక్క గీత బాగా కుదిరితే చూసేవాళ్ళకి బొమ్మకి ఉక్కపోస్తున్నట్టు అనిపిస్తుంది.

డ్రై బ్రష్ అంటే రంగు ముంచిన బ్రష్‌ని టిష్యూ మీద ఇక ఏమీ అంటడం లేదనేదాకా తుడిచి, అప్పుడు బట్ట మడతల ఎత్తుల మీద తేలిగ్గా ఆడించడం. పాత మేకప్ బ్రష్ దీనికి చాలా బాగుంటుంది. బట్టకి సరిపోతుంది, ముఖానికి వద్దు, సుద్ద పూసినట్టవుతుంది.

దుమ్ముకి మన నేలలే వాడుకోండి. మెత్తటి పేస్టల్ ముక్కల్ని ఉప్పు కాగితం మీద అరగదీస్తే మంచి పొడి వస్తుంది. ఇటుక రంగూ లేత గోధుమా కలిపితే చల్కా నేల దుమ్ము, ముదురు బూడిద గోధుమ కలిపితే నల్లరేగడి. నిజం మట్టి వాడొచ్చా అంటారేమో. వాడొచ్చు, కానీ పెనం మీద వేయించి, సన్నటి మల్లు గుడ్డలో రెండుసార్లు జల్లించాలి. అర మిల్లీమీటరు ఇసుక రేణువు ఈ బొమ్మకి 6 మిల్లీమీటర్ల గులకరాయి. దుమ్ము బూట్ల దగ్గర దట్టంగా మొదలై మోకాలి దగ్గరికి వచ్చేసరికి మాయమవ్వాలి. రెండు మూడు రంగుల పొడి వేరువేరుగా అద్ది, ఒకే రంగుతో కప్పేయకండి. పొడి అద్దాక బ్రష్ మొనతో వైట్ స్పిరిట్ చుక్క పక్కన తాకిస్తే అది పాకి పొడిని పట్టేస్తుంది. తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపించి, ఆరాక లేతబడుతుంది. సరిపోలేదని వెంటనే మళ్ళీ వేయొద్దు, ఆరేదాకా ఆగండి. పొడి పనికి మాస్క్ పెట్టుకోండి, ఫ్యాన్ ఆపండి.

బూట్లకి ముందు వైపు అంచుల్లో తోలు గీరుకుపోయిన చోట లేత గోధుమ చిన్న చిన్న గీతలు, మడమ అడుగు బయటి వైపు కొంచెం అరగదీయడం. చాలామంది నడకలో మడమ అరిగేది ఆ వైపే.

తుపాకీ మీద మీరు తుప్పు పెట్టారు. దయచేసి తీసేయండి. తన ప్రాణం ఆధారపడిన ఆయుధాన్ని సైనికుడు రోజూ తుడిచి నూనె పెట్టుకుంటాడు. దానిమీద కనిపించాల్సింది తుప్పు కాదు, చేతులు తగిలి నలుపు అరిగిన లోహం. దానికి 6బి పెన్సిల్ చాలు. పెన్సిల్ ములుకు పొడిని వేలికి అద్దుకుని మాట్ (మెరుపు లేని) నలుపు మీద అంచుల వెంట రుద్దండి, ఉక్కులా చల్లటి మెరుపు వస్తుంది. హెల్మెట్, నీళ్ళ డబ్బా లాంటి రంగు వేసిన లోహానికైతే ప్యాకింగ్ స్పాంజి ముక్క చింపి, ముదురు గోధుమలో అద్ది, టిష్యూకి తుడిచి, అంచుల మీద అక్కడక్కడా తాకించండి. పది చుక్కలు పెట్టాక ఆపి, బొమ్మని చేతి దూరంలో పెట్టి చూడండి. ఇంకో ఇరవై పెట్టాలనిపిస్తుంది. ఆ రోజుకి వద్దు, రేపు పొద్దున చూసి నిర్ణయించుకోండి.

చివరి మాట్ వార్నిష్ మొత్తం పనిని నిలబెడుతుంది, లేదా పాడుచేస్తుంది. ఇది బొమ్మే అని పట్టించేది మెరుపే. బట్ట, తోలు, చర్మం, లోహం అన్నీ ఒకేలా మెరుస్తుంటే కన్ను వెంటనే ప్లాస్టిక్ అని చెప్పేస్తుంది. మాట్ పూత వేశాక కళ్ళకి మాత్రం మెరిసే వార్నిష్ చుక్క, బూట్లకి, కింది పెదవికి, చెమటపట్టిన నుదుటికి సగం మెరుపు ఉండేది పెట్టండి. పెన్సిల్ పనీ, దుమ్ము పనీ ఈ మాట్ పూత తర్వాతే చేయాలి. ముందే చేస్తే లోహపు మెరుపు చచ్చిపోతుంది, దుమ్ము సగం మాయమవుతుంది. స్ప్రే డబ్బా వార్నిష్ జూలై, ఆగస్టు ముసురులో కొట్టొద్దు. గాలిలో తేమ ఎక్కువుంటే అది పాలపొగలా తెల్లగా పేరుకుంటుంది. రెండు నెలలు కష్టపడిన ఒక ముఖం మీద నాకు అలా జరిగింది, మొత్తం మళ్ళీ చేశాను. మీరు వైజాగ్‌లో ఉంటారని రాశారు కాబట్టి బ్రష్‌తో వేసుకునే నీటి వార్నిషే మీకు మంచిది. బాగా కలపండి, మాట్ గుణం ఇచ్చే పొడి అడుగున కూర్చుని ఉంటుంది. కానీ సీసా గట్టిగా ఊపితే బుడగలొస్తాయి, పుల్లతో తిప్పండి.

మీ అటక మీద ఇంకా పాత ఫన్‌స్కూల్ జీ.ఐ.జో బొమ్మలున్నాయని, తర్వాత వాటికీ వేస్తానని రాశారు. వద్దు. అమెరికాలో హాస్‌బ్రో 1982లో మొదలుపెట్టిన మూడు ముప్పావు అంగుళాల వరసకి మన దేశంలో తయారైనవి అవి. మనవాళ్ళు వేసిన రంగులు కొన్ని అక్కడివాటికి వేరుగా ఉంటాయి, అందుకే బయటి దేశాల కలెక్టర్లు కూడా వాటికోసం వెతుకుతారు. కీళ్ళూ రంగూ బాగున్నవాటిని సబ్బుతో కడిగి దాచండి. చెయ్యి విరిగినవి, రంగు పూర్తిగా పోయినవి ఉంటే వాటిమీద సాధన చేయండి. నేర్చుకోవడానికి ఆదివారం సంతలో, పాత సామాన్ల దగ్గర దొరికే పేరులేని బొమ్మలు ఇంకా నయం.

మీ అబ్బాయి మళ్ళీ దీంతో ఆడుకోవచ్చా అన్నారు. ఆరేళ్ళవాడన్నారు, నోట్లో పెట్టుకోడని అనుకున్నా నేను ఇవ్వను. ఈ రంగులూ పొడులూ పిల్లల ఆట కోసం పరీక్షించినవి కావు, కీళ్ళు కూడా వారంలో మళ్ళీ పెచ్చులు లేస్తాయి. వాడికి ఇంకో బొమ్మ కొనివ్వండి. దీనికి మాత్రం మోకాలి మీది మట్టి ఎక్కడ పడాలో వాణ్ణే అడగండి. ఆ బొమ్మ ఎక్కడెక్కడ పాకిందో, ఎక్కడ దొర్లిందో మీకంటే వాడికే బాగా తెలుసు. ముందు కాళ్ళు శుభ్రం చేసి, ప్రైమర్ అయ్యాక ఫొటో పెట్టండి, కళ్ళ దగ్గరికి వెళ్ళేముందు ఒకసారి చూస్తాను.